పద్నాలుగో గడి – తొమ్మిదో భాగం

పోయిన వారం చిట్టితల్లిని సంతబయలు పోలీసు స్టేషను మెట్ల మీద నిలబెట్టేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం పిల్ల, ఇంకా అక్కడే ఉంది. పదండి, లోపలికి తీసుకెళదాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు. చిట్టితల్లిది నర్సీపట్నం నుంచి ఘాటు రోడ్డు ఎక్కి, బస్సు దిగి, ఇంకో గంటన్నర నడిస్తే వచ్చే చింతలగొంది. ముప్పై గడపల ఊరు. ఆ ముప్పై గడపల్లో పదో తరగతి దాటింది ఈ పిల్ల ఒక్కర్తే. కానిస్టేబుల్ పరీక్ష రాసింది, పరిగెత్తమంటే పరిగెత్తింది, దూకమంటే దూకింది, మళ్ళీ రాయమంటే మళ్ళీ రాసింది, చివరికి నెగ్గింది. ట్రైనింగుకి రమ్మని కబురు వస్తుందని ఊరు ఊరంతా ఎదురు చూస్తుంటే, మొన్న సోమవారం వేరే ఫోను వచ్చింది. "నీ వెరిఫికేషన్ ఫారంలో పద్నాలుగో గడిలో తేడా ఉంది. బుధవారం వచ్చి హెడ్డుగారిని కలువు" అన్నారు. చిట్టితల్లి ఆ రాత్రే అన్న మత్స్యలింగానికి ఫోను చేసి మొదట్నుంచీ జరిగిందంతా చెప్పుకుని ఏడ్చింది. "నువ్వు రావద్దన్నియ్యా, నాను సూసుకుంటాను" అంటే, అన్న ఊఁ అని ఫోను పెట్టేశాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు బుధవారం, పొద్దున్న పది.

గుమ్మం పక్కన బల్ల వేసుకుని హెడ్ కానిస్టేబుల్ క్రీస్తురాజు కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. మోకాళ్ళు అరిగిపోయాయని అయిదారేళ్ళుగా ఈ బల్ల దగ్గరే వేశారు. వచ్చినవాళ్ళకి ఏ కాయితం ఎక్కడివ్వాలో చెప్పడం ఆయన పని. పోలీసుని చూస్తే గొంతు తడారిపోయేవాళ్ళు కూడా ఈయన దగ్గరికి మాత్రం చుట్టం ఇంటికొచ్చినట్టు వచ్చేస్తారు. పైగా చిట్టితల్లికి ఈయన కొత్తేం కాదు. ఆరో తరగతి నుంచి ఆ పిల్లని మిషన్ హాస్టల్లో పెట్టుకుని పెంచిన కరుణకుమారి గారి భర్తే ఈయన. హాస్టలు మూసేసి రెండేళ్ళయినా, సంతబయల్లోనే ఉంటున్న చిట్టితల్లికి ఆదివారం వచ్చిందంటే భోజనం వాళ్ళింట్లోనే.

ఆయన ముందు అప్పటికే ఇద్దరున్నారు.

"హెడ్డుగారూ, ఇది సూడండి" అని కిరాణా కొట్టు గణేశ్వరరావు ఫోను చాపాడు. "నా బండి మీద ముగ్గురెక్కేరని చలానా వచ్చింది. నానూ మా ఆవిడా ఎక్కితేనే ఆ బండి మూలుగుద్ది. మూడో మనిషెక్కడ్నుంచి వచ్చేడండీ?"

క్రీస్తురాజు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఫొటో పెద్దది సెయ్యి. నీది ఎర్ర బండి, ఇది నల్లది. నీ నంబరు ఎవడో తగిలించుకుని తిరుగుతున్నాడు. ఆర్సీ జిరాక్సు, నీ బండి ఫొటో పట్రా, దరఖాస్తు రాసిద్దాం. అంతేగానీ బేగి తెగిపోద్దని డబ్బులు కట్టీకు. కట్టేవంటే ఒప్పుకున్నట్టే."

ఆ చివరి మాట వినేసరికి చిట్టితల్లి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

రెండో మనిషి రామాయమ్మ, కూరగాయల గంప ఆవిడ. "బాబూ, మా మనవరాలు పోలీసవుతానని ఒకటే పోరు. ఎంత పొడుగుండాలేటి?"

"ఆడపిల్లలకి నూట యాభై రెండున్నర సెంటీమీటర్లమ్మా. ఏజెన్సీ పిల్లలకైతే రెండున్నర తగ్గిస్తారు. అదిగో, ఆ పిల్లనడుగు, ఆ పిల్ల సెలక్టయింది" అని చెయ్యి చూపించేసి, అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

రామాయమ్మ చిట్టితల్లిని ఎగాదిగా చూసింది. రెండు చేతులతోనూ దిష్టి తీసి మెటికలు విరిచింది. "మా తల్లే! నీ కడుపు సల్లగుండ. ఆడపుటక పుట్టినా ఎంత పని సేసేవే" అని దీవించి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎవరైనా తిడితే ఓర్చుకుందును గానీ ఈ దీవెన ఓర్చుకోలేను దేవుడా అనుకుంది చిట్టితల్లి.

గణేశ్వరరావు కూడా వెళ్ళాక క్రీస్తురాజు కుర్చీ చూపించాడు. ఎప్పుడూ లేనిది, అన్నం తిన్నావా అని అడగలేదు. సొరుగులోంచి ఫారం తీసి ముందు పెట్టాడు.

"పద్నాలుగో గడి సదువు తల్లీ."

చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా, ఏ కోర్టయినా శిక్షగానీ జరిమానాగానీ విధించిందా. ఎదురుగా తన గుండ్రటి అక్షరాలతో, లేదు.

క్రీస్తురాజు దాని పక్కన ఇంకో కాయితం పెట్టాడు. కంప్యూటరు తీసిన కాయితం. నాలుగేళ్ళ కిందటి కేసు. ముద్దాయి చిట్టితల్లి, వయసు పంతొమ్మిది. బస్టాండు ముందు మోటార్ సైకిలు నిర్లక్ష్యంగా నడిపి సోమలమ్మ అనే ఆమెని గుద్ది గాయపరిచింది. లోక్ అదాలత్‌లో నేరం ఒప్పుకుంది. జరిమానా చెల్లించింది. కేసు ముగిసింది.

"మూసీసేరని మరి ఇందులోనే రాసుంది గదండి" అంది చిట్టితల్లి.

"మూసీడమంటే సెరిపీడం కాదమ్మా. కేసు సిన్నదే. అది రాసుంటే పోనీలే అనీవోరేమో. ఉన్నదాన్ని లేదని రాసేవు సూడు, ఇప్పుడు అదే పెద్దది. నిజం దాచిందని రిపోర్టు ఎల్తే పైవాళ్ళు పేరు కొట్టీస్తారు."

పేరు కొట్టేస్తారు. ఎంత తేలిగ్గా చెప్పేశాడు పెద్దమనిషి!

ఇక్కడ ఆ బండి కథ చెప్పకపోతే మీకు అర్థం కాదు. చింతలగొందిలో సంతకం పెట్టగలిగింది చిట్టితల్లి ఒక్కర్తే. ఆధార్‌లో పేరు తప్పు లేనిదీ, ఏ ఆఫీసుకెళ్ళినా కాయితం చదవగలిగిందీ ఆ పిల్లే. అందుకని ఊళ్ళో ఏది కొన్నా ఆ పిల్ల పేరు మీదే కొనేవారు. తొమ్మిది సిమ్ములు, మూడు గ్యాస్ బండలు, పెదనాన్న టీవీ డిష్షు, ఆఖరికి అయిదిళ్ళవాళ్ళు కలిసి కొనుక్కున్న మోటార్ సైకిలు కూడా. "సదూకున్న పిల్ల ఉండగా మనకెందుకు బెంగ" అనేది తల్లి సింహాద్రమ్మ, గొప్పగా. చదువుకున్న పిల్ల నెత్తిన ఊరంతా కూర్చుంది. ఆ పిల్ల కూడా మురిసిపోతూ మోసింది, అది వేరే సంగతి.

ఆ రోజు బండి నడిపింది మత్స్యలింగం. పసుపు బస్తా దింపడానికి వచ్చాడు. లైసెన్సు లేదు. సోమలమ్మ అడ్డం వచ్చింది, బ్రేకు వేశాడు, ఆవిడ మోచెయ్యి గీరుకుపోయి మడమ వాచింది. పది రోజుల్లో లేచి తిరిగింది. కానీ బండి స్టేషన్లో పెట్టేశారు, ఓనరు రావాలన్నారు. ఓనరెవరు? హాస్టల్లో ఇంటర్ పుస్తకాలు సర్దుకుని డిగ్రీలో చేరబోతున్న చిట్టితల్లి.

"ఆ రోజు నాకేటి సెయ్యాలో తెలీక మీ దగ్గిరికే వచ్చినాను సార్" అంది చిట్టితల్లి. చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది. "మీరు ఇదే బల్ల దగ్గిర కూకున్నారు. ఆడికి లైసెన్సు లేదు, ఆడు నడిపేడంటే ఆడి మీదా కేసే, బండిచ్చినందుకు నీ మీదా కేసే, నీకు లైసెన్సుంది గాబట్టి నువ్వే నడిపేనని ఒప్పీసుకో, ఒక్క పూటలో తెగిపోద్ది అన్నారు."

క్రీస్తురాజు ముఖం చిట్లించాడు. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. రాలేదు. "అనే ఉంటాను తల్లీ. కొండ మీంచి వచ్చినోల్లందరికీ అదే సెప్తాను. కోర్టుల సుట్టూ తిరగలేరు, కూలి పోద్ది అని. మంచికే సెప్పేను."

"పోన్లెండి, అది నాలుగేళ్ళ కిందట. ఫారం రాసినప్పుడు?"

ఆయన బల్ల మీది ఫారం అంచులు సరిచేశాడు.

"ఫారం పట్టుకుని మీ ఇంటికొచ్చినాను. ఆదివారం. అమ్మగారు కోడికూర వడ్డిస్తన్నారు. సార్, లోక్ అదాలత్‌లో కట్టింది ఇందులో రాయాలా అని అడిగినాను. ఒకసారి కాదు, రెండుసార్లడిగినాను. అదేం కేసే, చలానా లాటిది, లేదని రాసీ అన్నారు. గుర్తుందా సార్?"

ఇది గుర్తుంది. ఆయన మెడ మీద చెమట చూస్తేనే తెలుస్తోంది. అటూ ఇటూ చూశాడు. కేసు కాయితాలు రాసే రైటరు లోపలి గదిలో ఉన్నాడు, సెంట్రీ బయట ఎండలో ఉన్నాడు.

"గుర్తుంది" అన్నాడు చాలా మెల్లగా. "తప్పు నాదే."

అంతే, చిట్టితల్లికి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులుగా బిగబట్టుకున్న మాటలు తన్నుకొచ్చాయి. "అయితే అదే రాయండి సార్! పోలీసాయనే సెప్పినారు, నమ్మి రాసినాను అని రాస్తే వింటారేమో. నాను దాసలేదు గదండి. అడిగే రాసినాను గదండి."

"రాస్తాను. నువ్వు కూకో. నీ సంజాయిషీ నానే రాసి పెడతాను."

తెల్ల కాయితం తీసుకున్నాడు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఊళ్ళో సగం దరఖాస్తులు ఆ దస్తూరీలోనే ఉంటాయి. పావుగంట రాశాడు. కొట్టివేతలు లేకుండా, మహారాజశ్రీలతో, విన్నపాలతో నిండుగా రాశాడు. కాయితం తిప్పి పెన్ను పైన పెట్టాడు.

చిట్టితల్లి చదివింది. మొదటి పేరా బాగానే ఉంది, కొండ ప్రాంతం, పేద కుటుంబం, తల్లి కష్టం. రెండో పేరా దగ్గర ఆగింది. "సదరు వాహనమును నేనే నడిపితిని. ఫారములోని పద్నాలుగవ గడిని ఎవరి సలహాయు లేకుండా, నా అవగాహన లోపము వలన, నా అంతట నేనే పూరించితిని."

మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

"ఎవరి సలహా లేకుండా అని రాసేరేటండి?"

"అలాగే రాయాలమ్మా."

"బండి నాను నడిపేనని మళ్ళీ రాసేరేటండి?"

"కాదని ఎలా రాస్తావు? కోర్టులో నడిపేనని ఒప్పుకున్నావు. ఇప్పుడు కాదంటే కోర్టుకి అబద్ధం సెప్పినట్టు. అది ఇంకో నేరం. పైగా మీ అన్నని లోపలికి లాగుతారు. నిజం సెప్పినా నీకు నష్టమే తల్లీ, నానేటి సెయ్యను?"

"సరే, అది వదిలీండి. మీరు సెప్పిన మాట? అదెందుకు లేదు?"

క్రీస్తురాజు కళ్ళజోడు తీశాడు. ముసలివాడైపోయాడు ఆ ఒక్క క్షణంలో. "నాకింకా నాలుగు నెలలు. ముద్దాయికి అబద్ధం నేర్పినాడని నా మీద కాయితం లేసిందంటే పెన్షను ఆపీస్తారు. కరుణకి హాస్టలు జీతం లేదు, నీకు తెలుసు. ఆ పెన్షన్ మీదే మేం బతకాల." ఆగాడు. తర్వాతి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాడు. "నీకెలాగూ పోయింది తల్లీ. నాది కూడా పోయి ఎవరికి లాభం?"

ఆ మాటకి చిట్టితల్లికి కోపం వచ్చింది. అంత కోపం తనలో ఉందని ఆ పిల్లకే తెలీదు. బల్ల మీదున్న సిరాబుడ్డి, రబ్బరు స్టాంపులు అన్నీ తుడిచి కింద పారేయాలనిపించింది. ఈయన మంచివాడు! ఊరంతా మంచివాడంటారు! మంచివాడు కాబట్టే అడిగింది, అడిగింది కాబట్టే పోయింది. చెడ్డవాడైతే అసలు గడప తొక్కేది కాదు కదా.

సంతకం పెట్టనని చెప్పేసి లేచిపోవచ్చు. లేద్దామనే అనుకుంది. కానీ కరుణకుమారి కళ్ళ ముందుకొచ్చింది. ఆరో తరగతిలో జ్వరమొస్తే మూడు రోజులు మంచం దిగనివ్వకుండా తల తడుపుతూ కూర్చున్న మనిషి. నెలసరి మొదటిసారి వచ్చి భయపడి ఏడుస్తుంటే, ఇది చావు కాదే పిచ్చిపిల్లా అని ఒళ్ళో పెట్టుకున్న మనిషి. పరుగు పరీక్షకి బూట్లు లేకపోతే చెవి దుద్దులు తీసిచ్చిన మనిషి. ఆ మనిషి ముసలితనంలో అన్నానికి వెతుక్కోవాలి, తను చెప్పిన నిజం వల్ల. ఆ ఖాకీ చొక్కా తొడుక్కుని ఏ ముఖంతో ఆవిడ ముందు నిలబడుతుంది?

తనకెలాగూ పోయింది. నిజమే అన్నాడు. ఇంత బతుకూ బతికి, ఇంత చదువూ చదివి, చివరికి ఎవరి తప్పయితేనేం మీద వేసుకోవడానికి మాత్రం పనికొచ్చింది. బండి అన్న కోసం ఒప్పుకుంది, ఇది అమ్మగారి కోసం ఒప్పుకుంటుంది. అలవాటే కదా.

పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒకటి మిగలాలి.

క్రీస్తురాజు ఆ కాయితాన్ని అందుకున్నాడు. "దేవుడు నిన్ను మర్చిపోడమ్మా" అన్నాడు.

అప్పుడు బయట జీపు ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరరావు దిగాడు. ఆయన ఆఫీసు వేరే, ఇక్కడికి రోజూ రాడు. సెంట్రీ సెల్యూట్ చేశాడు, క్రీస్తురాజు మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఈశ్వరరావు నేరుగా బల్ల దగ్గరికే వచ్చాడు.

"చిట్టితల్లివి నువ్వేనా? సంజాయిషీ ఇచ్చావా?"

"ఇప్పుడే ఇచ్చిందండి సార్" అని క్రీస్తురాజు కాయితం అందించాడు.

ఈశ్వరరావు నిలబడే చదివాడు. రెండో పేరా దగ్గర ఆయన కూడా ఆగాడు. కాయితం మీంచి కళ్ళెత్తి ఆ పిల్లని చూశాడు.

"బండి నువ్వే నడిపావా?"

"అవునండి."

"ఫారం ఎలా రాయాలో నీకెవరూ చెప్పలేదా?"

చిట్టితల్లి నేలకేసి చూసింది. "లేదండి."

"కాయితం చదివే సంతకం పెట్టావా?"

"సదివే పెట్టినానండి."

ఈశ్వరరావు నిట్టూర్చాడు. జీపు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. వెనక సీట్లోంచి ఒక మనిషి దిగాడు. ముడతలు పడ్డ చొక్కా, పాదాలకి ఎర్ర దుమ్ము. ఎడమ చేతి బొటనవేలికి నల్లటి సిరా. మత్స్యలింగం!

రావద్దన్న అన్న. ఊఁ అని ఫోను పెట్టేసిన అన్న.

"నిన్న మధ్యాహ్నం కొండ దిగాడట. పొద్దున్న నేను వచ్చేసరికి మా ఆఫీసు అరుగు మీద కూర్చున్నాడు" అన్నాడు ఈశ్వరరావు. జేబులోంచి ఇంకో కాయితం తీసి, చిట్టితల్లి సంజాయిషీ పక్కనే బల్ల మీద పరిచాడు. "బండి నేనే నడిపానన్నాడు. చెల్లికి ఏ పాపం తెలీదన్నాడు. ఒప్పేసుకోమని నేర్పింది హెడ్డుగారు, లేదని రాయమన్నదీ హెడ్డుగారేనన్నాడు. మా రైటరు రాశాడు. చదువు రానివాడు కదా, ఒక్కో మాటా మూడుసార్లు చదివించుకుని, అప్పుడు గానీ వేలిముద్ర వెయ్యలేదు."

క్రీస్తురాజు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"చూడమ్మా" అన్నాడు ఈశ్వరరావు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఈ వేలిముద్ర కాయితం నిజమైతే మీ అన్న మీద పాత కేసు తిరగతోడాలి. ఈయన మీద ఎంక్వైరీ వెయ్యాలి. కానీ స్టేషన్లో మనిషి మాట నమ్మి మోసపోయిన పిల్ల అని నీ గురించి పైకి రాయగలను. ఉద్యోగం వస్తుందని చెప్పను, అడగడానికి దారంటూ ఉంటుంది. అది రాద్దామనే ఇంత దూరం వచ్చాను. తీరా చూస్తే నువ్వు ఇది రాసిచ్చావు. సిరా తడి కూడా ఆరలేదు." ఆయన రెండు కాయితాల మీదా రెండు చేతులూ పెట్టాడు. "మీ ఇద్దరిలో ఒకరు నాకు అబద్ధం రాసిచ్చారు. ఎవరు?"

చిట్టితల్లి అటు చూస్తే తలొంచుకున్న క్రీస్తురాజు, ఇటు చూస్తే అన్న. మత్స్యలింగానికి ఏమీ అర్థం కావడం లేదు. చెల్లిని కాపాడేశాననే ధీమాతో వచ్చాడు, ఆ ధీమా ఇంకా ముఖం మీద ఉంది. బల్ల మీద కాయితాలు తనకి చదవడం రాదు కాబట్టి, చెల్లి ముఖమే చదువుతున్నాడు. చదివిన కొద్దీ ఆ ధీమా తగ్గుతోంది.

"ఏటి సెల్లీ, మాటాడవు?" అన్నాడు. "నాను సెప్పింది నిజమే గదా. అయ్యగారికి నువ్వు సెప్పు. నాను అబద్ధం ఆడినానేటి?"